నాగేశం వెతికిన 'హ' పాట

సిద్దిపేట బస్టాండు నుంచి పాత మార్కెట్‌కు పోయే దారిలో, గడియారాలు బాగుచేసే దుకాణానికీ బట్టలు కుట్టే గదికీ మధ్య, ఒక తలుపు వెడల్పున నాగేశం రికార్డింగ్ సెంటర్ ఉండేది. అందులో ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయటికి వచ్చి ఊపిరి పీల్చుకోవాలి. నాగేశం మాత్రం అందులోనే రెండు టేపు రికార్డర్లు, ఒక ఆంప్లిఫయరు, రెండు వేల పైచిలుకు క్యాసెట్లు, ఒక కుర్చీ, ఆ కుర్చీలో తనను పెట్టుకుని పదకొండేళ్లు గడిపాడు.

ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. అప్పట్లో మనకు నచ్చిన పాటలన్నీ ఒకే క్యాసెట్‌లో కావాలంటే, వాటిని ఒక చీటీ మీద రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు ఇలాంటి దుకాణంలో ఇచ్చి రావాలి. సాయంత్రానికల్లా ఎక్కించి ఇచ్చేవారు. కొందరు చీటీ కూడా రాయరు. 'గా పాటనే, హీరోయిను కుండ పట్టుకొని పోతది సూడు' అంటారు. నాగేశం ఒక్క నిమిషం కళ్లు మూసుకునేవాడు, తర్వాత చెయ్యి సరిగ్గా ఆ క్యాసెట్ మీద పడేది.

అతనిది దుబ్బాక. తండ్రి తువ్వాళ్లు నేసేవాడు. మగ్గం మీద పోగు తెగితే ఎక్కడ తెగిందో చూడకుండా వేలితో పట్టుకునే వంశం. ఆ వేలి పనితనమంతా నాగేశానికి చెవిలోకి వచ్చింది. బస్టాండులో హారన్ మోగితే అది దుబ్బాక బస్సో దౌల్తాబాద్ బస్సో చెప్పేవాడు. ఒకసారి హారన్ విని, ఆ డ్రైవరుకు ఇంట్లో పొద్దున తిండి దొరకలేదని కూడా చెప్పాడు. నేను పోయి అడిగాను. నిజమే. భార్యతో తగువట.

అతని బలమంతా ఒక పొడుగాటి రిజిస్టరులో ఉండేది. అ నుంచి హ వరకు ఒక్కో అక్షరానికి కొన్ని పేజీలు. మన పాటలకు వేరే పేర్లుండవు. ఏ మాటతో ఎత్తుకుంటామో అదే పాట పేరు. ఆ మొదటి అక్షరాన్ని బట్టి పేజీ, పేజీలో నంబరు, నంబరును బట్టి క్యాసెట్. కొత్త క్యాసెట్ రాగానే కంపెనీ అంటించిన కాగితాన్ని తడిగుడ్డతో నానబెట్టి, బ్లేడుతో గీకేసి, మైదా జిగురుతో తన నంబరు కాగితం అంటించేవాడు. పాతది ఉంచితే ఏమిటని అడిగితే, రెండు పేర్లున్న మనిషి పోలీసు స్టేషనుకే పనికొస్తాడనేవాడు. ఈ పద్ధతి మీద పదకొండేళ్లలో ఒక్క చీటీ కూడా 'లేదు' అనిపించుకుని తిరిగిపోలేదు. నాగేశానికి వేరే ఆస్తి లేదు, వేరే గర్వం లేదు.

1993 వానాకాలంలో అతని బామ్మర్ది దేవదాసు మస్కట్ నుంచి వచ్చాడు. అక్కడ ఒక జపాను కంపెనీ క్యాంపులో వంట చేసేవాడు. పని అయిపోయి క్యాంపు ఎత్తేస్తూ, వాళ్లు సాయంత్రాలు పాడుకునే పెట్టెను ఇతనికి ఇచ్చేశారు. కరావొకే పెట్టె. క్యాసెట్‌కు ఒక పక్క మామూలుగా గాయకుడు పాడిన పాట ఉంటుంది. రెండో పక్క అదే పాట, గొంతు లేకుండా, ఉత్త వాయిద్యాలు. మైకు పట్టుకుని మనం పాడుకోవాలి. పెట్టెతో ఇరవై నాలుగు క్యాసెట్లు వచ్చాయి. ఒక్కోదానిలో నాలుగు పాటలు. వాటి మీది కాగితాలన్నీ జపాను రాత. పాటల పుస్తకం కూడా ఉండేదట కానీ, చదవరానిదాన్ని మోయడమెందుకని దేవదాసు దాన్ని మస్కట్‌లోనే పారేశాడు. సిద్దిపేటలో ఆ పెట్టె నాగేశం ఇంటి అటక మీద రెండు నెలలు కూర్చుంది.

ఆ రోజుల్లోనే చిన్నకోడూరుకు ఒక జపాను ఆయన వచ్చాడు. పేరు ఇనాగాకి. మల్బరీ తోటలు, పట్టుపురుగుల షెడ్లు చూసి రైతులకు మెళకువలు చెప్పే పని. జనం 'పురుగుల సారు' అనేవారు. ఆయన బస నాగేశం బావ రాజలింగం తోటలోనే. ఆయన ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది. నేను సికింద్రాబాదులో సిస్టర్ల దగ్గర చదువుకున్నానన్న ఒకే ఒక్క నేరానికి రాజలింగం నన్ను రోజూ సైకిలు మీద ఎక్కించుకుపోయి ఆ ముక్కల్ని అతికించమనేవాడు.

ఒక బుధవారం, రాజలింగం గొప్పకు పోయి, మా బామ్మర్ది దగ్గర మీ పాటల పెట్టె ఉందని చెప్పమన్నాడు. చెప్పాను. ఆకు కోస్తున్న పురుగుల సారు కత్తి కింద పెట్టేశాడు.

ఆయన చెప్పింది మూడుసార్లు అడిగి అర్థం చేసుకున్నాను. వాళ్ల ఊళ్లో ఆఫీసు వాళ్లు ఏడుగురు ప్రతి శనివారం సాయంత్రం ఒకచోట చేరి పాడుకుంటారట. వారానికి ఒక అక్షరం. ఆ వారం ఎవరు పాడినా ఆ అక్షరంతో మొదలయ్యే పాటే పాడాలి. వాళ్లకు నలభై పైన అక్షరాలు, కాబట్టి ఒక అక్షరం మళ్లీ రావడానికి దాదాపు ఏడాది. వచ్చే శనివారం 'హ'. ఆయన భార్య పేరు హతో మొదలవుతుంది. పోయి నాలుగేళ్లయింది. ఏటా హ వచ్చిన వారం ఆమె పేరు మీద ఒక పాట పాడతాడు. ఈసారి ఇక్కడ చిక్కుకుపోయాడు. శనివారం మధ్యాహ్నమే హైదరాబాదుకు జీపు. ఆలోపల ఒక్క హ పాట దొరికితే ఇక్కడే పాడేసి పోతానన్నాడు.

రాజలింగం వెంటనే పెట్టె తెచ్చి ఆయన ముందు పెడదామన్నాడు. ఆ రోజు అలా చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ సాయంత్రం దుకాణంలో ఈ మాట వినగానే నాగేశం మొహం ముడుచుకున్నాడు.

"బావా, దుకాణానికి వచ్చినోని ముందట పెట్టె బోర్లిచ్చి, నువ్వే దేవులాడుకో అంటమా? నాకు హ అన్నడు. నేను హ తీసిస్త. ఆడిమనిషి పేరు మీద పాట అది, ఉత్తగ ఇచ్చేది గాదు."

గురువారం పొద్దున షట్టరు సగం దించాడు. పెళ్లిళ్ల పాటలకు ఇచ్చిన చీటీలు ఒక మేకుకు గుచ్చి పక్కన పెట్టాడు. ఒక్కో క్యాసెట్ పెట్టి, గొంతు ఉన్న పక్క తిప్పి, గాయకుడు నోరు తెరవగానే మొదటి అక్షరం రిజిస్టరులో రాసుకోవడం మొదలుపెట్టాడు. నాలుగు పాటలూ అయ్యాక మామూలు పద్ధతే. తడిగుడ్డ, బ్లేడు, మైదా జిగురు, తన నంబరు.

అతని భార్య ప్రమీలాదేవి మధ్యాహ్నం అన్నం తెచ్చి, గీకిన కాగితాలు నానుతున్న బకెట్టు చూసింది.

"గా కాగితాలు పీకకుండ్రి. గా సారుకు సదువొస్తది గద, ఆయినె జూసుకుంటడు."

నాగేశం బ్లేడు తుడుచుకున్నాడు. ఆమె గిన్నె అక్కడ పెట్టి, నా వైపు చూసి, నువ్వైనా చెప్పరాదా అన్నట్టు చెయ్యి తిప్పి వెళ్లిపోయింది.

జపాను పాటలు మన పాటల్లా వెంటనే ఎత్తుకోవు. ముందు గాలి వీస్తుంది, అలలు వస్తాయి, ఓడ కూత వేస్తుంది, ఎవరో రైలు దిగుతారు. అప్పుడు గానీ మనిషి నోరు విప్పడు. నాగేశం చెంపకు చెయ్యి పెట్టుకుని, కళ్లు చిట్లించి, వేలు బటన్ మీద పెట్టుకుని కూర్చునేవాడు. అక్షరం వినగానే ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినేవాడు. ఒక పాటలో ఆడగొంతు 'హా' అని పెద్దగా నిట్టూర్చాక అసలు మాటలు మొదలయ్యాయి. దాన్ని హ కింద రాయాలా వద్దా అని మా ఇద్దరికీ గంటసేపు వాదన. అది ఊపిరి, పాట కాదు అన్నాను. ఊపిరి లేకుంటే పాటెక్కడిది అని రాసేసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి పన్నెండు క్యాసెట్లు అయ్యాయి. హ కింద నాలుగు పాటలు పడ్డాయి. మిగిలిన పన్నెండు క్యాసెట్ల మీద జపాను కాగితాలు ఇంకా అలాగే ఉన్నాయి. అప్పుడు నాకు మా కాన్వెంటు పాటల పుస్తకం గుర్తుకొచ్చింది. గుర్తుకు రాగానే చెప్పాను. జీవితంలో నేను చెప్పిన నిజాలు తక్కువే కానీ, ఇది వాటిలో ఒకటి.

"నాగేశం, మా బడిల పాటల పుస్తకం ఎనుక రెండు పట్టికలుండె. ఒకటి పాటల పేర్లది, ఒకటి పాట ఎత్తుకునే మాటలది. పేరు వేరు, ఎత్తుకునేది వేరు. జపానోళ్లకు సుత గట్లనే ఉండొచ్చు. గా కాగితాలు ఉండనియ్యి."

నాగేశం తలెత్తాడు.

"అన్నా, మొన్న సోమారం నాకు ఏం జెప్పినవ్? మీ బడిల పియానోకు ఆకలైతే సుద్దముక్కలు తింటుండె అన్నవ్."

"అది వేరే."

"వేరే ఎట్లయితది? గదే బడి గద."

నేను ఒట్టు వేశాను. పియానో విషయంలో కూడా ఒట్టు వేశానని గుర్తు చేశాడు. పేరు ఒకటి, పాట ఒకటి ఉంటే జనం పాటను ఎట్లా అడుగుతారు, దుకాణపువాడు ఎట్లా తీస్తాడు, ఆ దేశంలో నాలాంటివాడు బతకొద్దా అన్నాడు. పదమూడో క్యాసెట్ మీద తడిగుడ్డ పడింది. సాయంత్రానికి తొంభై ఆరు పాటలకూ అక్షరాలు పడ్డాయి, హ కింద ఏడు. బకెట్టులో ఇరవై నాలుగు కాగితాలు కలిసి గంజిలా అయ్యాయి. ప్రమీలాదేవి దాన్ని మోరీలో పారబోసింది.

శనివారం తొమ్మిదిన్నరకు చిన్నకోడూరు చేరాం. ఒక పంట పురుగులు గూళ్లు కట్టి పోయాక రాజలింగం షెడ్డు ఖాళీగా ఉంది. సున్నం, బ్లీచింగు వాసన. పురుగుల సారు నియమం ప్రకారం గడప దగ్గర చెప్పులు విడిచి, చేతులూ కాళ్లూ మందునీళ్లలో కడుక్కుని లోపలికి వెళ్లాలి. నాగేశం తానొక్కడే కడుక్కోవడం కాదు, మైకు వైరును కూడా తడిగుడ్డతో తుడిచి తీసుకెళ్లాడు. పాతిక మంది రైతులు గోనె సంచుల మీద కూర్చున్నారు. ఆ ఊరికి ఆ వారం మోటర్ల కరెంటు పొద్దుటి వంతు. పన్నెండు దాకా ఉంటుంది, తర్వాత ఉండదు. జీపూ ఆ వేళకే.

నాగేశం ఏడు పాటల పట్టిక తెరిచి, మొదటి క్యాసెట్ గొంతు లేని పక్క పెట్టాడు. వయొలిన్లు మోగాయి. పురుగుల సారు మొహం విచ్చుకుంది. తల ఊపాడు. కానీ మైకు తీసుకోలేదు. పాట సగానికి వచ్చింది, తీసుకోలేదు. అడిగాను. చాలా మంచి పాట, దాని పేరు 'కి'తో మొదలవుతుంది అన్నాడు.

రెండోది 'యు' అన్నాడు. మూడోది, నిట్టూర్పు పాట, 'ఒ'. ఏడూ అయ్యాయి. ఒక్కటీ హ కాదు. ఆయన నొచ్చుకుంటూ నెమ్మదిగా చెప్పాడు: తమ దగ్గర పాటకు పేరు విడిగా పెడతారని, ఎత్తుకునే మాటతో దానికి సంబంధం ఉండనక్కరలేదని. నేను దాన్ని తెలుగులో చెబుతున్నంతసేపూ నాగేశం నా మొహం వైపు చూడలేదు.

"పాటకు మళ్ల పేరు పెట్టుడేంది? నోరు తెరిస్తే వచ్చేదే గద పేరు."

పురుగుల సారు, మంచిది, క్యాసెట్ల మీది కాగితాలు చూపిస్తే నేనే చదువుకుంటాను అన్నాడు. నేను తెలుగులోకి మార్చకముందే నాగేశానికి అర్థమైంది. పెట్టె మూత తీశాడు. ఇరవై నాలుగు క్యాసెట్ల మీద ఇరవై నాలుగు తెల్లటి కాగితాలు, వాటి మీద ముత్యాల్లాంటి తెలుగు అంకెలు. ఆయన ఒకటి తీసి తిప్పి చూశాడు. రెండోది తీసి చూశాడు. మళ్లీ జాగ్రత్తగా వరుసలో పెట్టేశాడు. రైతుల్లో ఎవరో నవ్వబోయి, రాజలింగం చూపు చూసి దగ్గాడు.

అప్పుడు టైము పదీ ఇరవై.

నాగేశం చొక్కా చేతులు మడిచాడు. మొదటి క్యాసెట్ నుంచి అన్నీ వరసగా వినిపిస్తాను, పాట గుర్తుపట్టి పేరు చెప్పమనండి అన్నాడు. అలాగే మొదలైంది. పురుగుల సారు కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నాలుగు వాయిద్యాలు మోగగానే పేరు చెప్పేవాడు. నేను తెలుగులో రాసుకునేవాణ్ని. నాగేశం బటన్ నొక్కి ముందుకు తిప్పేవాడు. క, మ, షి, త, మళ్లీ క. కొన్ని ఆయనకు తెలియవు, కుర్రాళ్ల పాటలు అనేవాడు. టేపు ముందుకు తిరగడానికి పట్టే కాలం నాగేశానికి చాలా ఎక్కువనిపించింది. పెట్టెను రెండు అరచేతులతో నొక్కి పట్టుకున్నాడు, అలా పట్టుకుంటే త్వరగా తిరుగుతుందన్నట్టు. ముప్పై పాటలైనా హ లేదు. యాభై అయినా లేదు.

పదకొండున్నరకు జీపు వచ్చి హారన్ కొట్టింది. నేను బయటికి పోయి డ్రైవరుతో, నీ వెనక టైరు పక్క నుంచి నాగుపాము లోపలికి దూరడం నా కళ్లతో చూశాను అన్నాను. అతను ఒక కర్ర తీసుకుని బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. పియానో సంగతి అతనికి తెలియదు కాబట్టి నమ్మాడు. నేను లోపలికి వచ్చేసరికి పద్దెనిమిదో క్యాసెట్ నడుస్తోంది.

అందులో మూడో పాట, మొత్తం మీద డెబ్బై ఒకటోది. ఒక బాకా, దాని వెనక డప్పు లాంటిది. పురుగుల సారు కళ్లు తెరిచాడు.

"హ," అన్నాడు.

ఏదో వంతెన గురించిన పాటట. ఎత్తుకునే మాట 'మ'తో ఉంది కాబట్టి నాగేశం రిజిస్టరులో అది మ పేజీలో పడి ఉంది. షెడ్డంతా కదిలింది. రాజలింగం లేచి మైకు అందించాడు. కానీ ఆయన మొహం చూస్తే, తీపి అనుకుని చేదు నమిలినవాడిలా ఉంది. ఏమిటని మెల్లగా అడిగాను. ఆయన నా చెవిలో చెప్పాడు: ఇది మా పెద్ద అధికారి పాట. పంతొమ్మిదేళ్లుగా ఏ హ వారం వచ్చినా ఆయన ఇదే పాడతాడు. మేము చప్పట్లు కొడతాం. నా భార్యకు ఈ పాట వినిపిస్తే చాలు, లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

నాగేశానికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. అతను గడియారం చూశాడు. ఇంకా ఇరవై అయిదు పాటలున్నాయి, ఇంకోటి ఉంటుంది, ఈ ఒక్కదాన్ని దాటేద్దామన్నాడు. పురుగుల సారు తల అడ్డంగా ఊపాడు. దొరికిన పాటను కాదనడం ఆటలో లేదట. టేపు వెనక్కి తిప్పమని వేలితో సైగ చేశాడు.

లేచి నిలబడి పాడాడు. పూర్తిగా పాడాడు, మూడు చరణాలూ. గొంతు బాగానే ఉంది. మధ్యలో ఒకచోట ఆయనకు నవ్వు లాంటిదేదో వచ్చింది. రైతులు గట్టిగా చప్పట్లు కొట్టారు. నాగేశం కొట్టలేదు. అతని వేలు అప్పటికే బటన్ మీద ఉంది. పాట ఆగిన క్షణం పక్క పాటకు తిప్పాడు. రెండు వాయిద్యాలు మోగాయి, కరెంటు పోయింది. పన్నెండుకు ఇంకా పది నిమిషాలుంది.

డ్రైవరు లోపలికి వచ్చి పాము లేదన్నాడు, పోవాలన్నాడు. పురుగుల సారు చెప్పులు తొడుక్కుని, నాగేశం ముందు నడుము దాకా వంగి దండం పెట్టాడు. ఈ ఏడాది కూడా హ తప్పలేదు, మీ వల్లే అన్నాడు. నాగేశం కూడా అలాగే వంగాడు. జీపు మలుపు తిరిగేదాకా ఇద్దరం నిలబడ్డాం.

"అడిగింది ఇచ్చిన," అన్నాడు నాగేశం. "కని ఆయిన మొఖం జూసినవా అన్నా? చీటీ తిరిగిపోయినట్టే."

అలా కాదని చెప్పబోయాను. నా మాట నమ్మడని గుర్తొచ్చి ఊరుకున్నాను.

సోమవారం దుకాణం తెరిచి మేకుకున్న చీటీలన్నీ ఎక్కించాడు. ఆ తర్వాత రిజిస్టరులో ప్రతి పేజీకీ స్కేలుతో ఇంకో గీత కొట్టి, జపాను పాటలకు నేను రాసిచ్చిన పేర్లు ఎక్కించాడు. పురుగుల సారు విననివి ఇరవై అయిదు. వాటి పక్కన ఖాళీ వదిలాడు. ఆ ఖాళీ నింపడానికి అతను చేయని ప్రయత్నం లేదు. ఊళ్లో కరావొకే పెట్టె అడిగినవాళ్లకు ఇచ్చేవాడు, ఆ ఇరవై అయిదు పాటలున్న ఏడు క్యాసెట్లు మాత్రం ఇచ్చేవాడు కాదు. ఒకసారి ఎవరో చైనా డాక్టరు వచ్చాడని విని, అవి సంచిలో వేసుకుని దవాఖానకు పోయాడు. ఆయన పళ్ల డాక్టరు. నేపాలీ.

క్యాసెట్లు పోయాయి, సీడీలు వచ్చిపోయాయి. ఆ తలుపంత దుకాణంలో ఇప్పుడు ఫోన్లకు గాజు అద్దాలు అంటిస్తారు. మొన్న నాగేశం ఇంటికి పోయాను. ప్రమీలాదేవి చాయ ఇచ్చింది. కరావొకే పెట్టె పనిచేయడం మానేసి చాలా ఏళ్లయింది. అయినా ఆ ఏడు క్యాసెట్లను ఒక డబ్బాలో పెట్టి, బూజు పట్టకుండా బియ్యం మూట వేసి ఉంచాడు. ఇంకా ఎందుకయ్యా అన్నాను.

"ఇరువయి అయిదుల ఒక్కటన్న మంచి హ ఉంటదన్నా," అన్నాడు. "సారు ఇంటామె వంటింట్లకు పోకుండ కూసొని వినేది."